అన్నయ్య వెనక చక్రం

మోకాలు మొదటిసారి పట్టేసింది వంటింట్లో.

వెండెల్ కింది అరలో ఉన్న పెనం కోసం గొంతుక్కూర్చున్నాడు. లేవబోతే కుడికాలు లేవలేదు. నొప్పి కాదు. తలుపు సందులో గులకరాయి ఇరుక్కున్నట్టు, సగం మడిచిన చోటే కాలు ఆగిపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. గట్టు అంచు పట్టుకుని వేలాడుతూ, పాదాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పాడు. లోపల ఏదో టక్కుమంది. కాలు చాచుకుంది. అతని చొక్కా మాత్రం చెమటతో తడిసిపోయింది.

ఫిజియోథెరపిస్టు యదీరా స్కాన్ బొమ్మను కిటికీ వెలుతురులో పట్టి చూపించింది.

"ఇదిగో, ఈ చుక్క కనిపిస్తోందా? గుజ్జు ముక్క. ఊడిపోయి కీలులో తిరుగుతోంది. ఎప్పుడు ఎక్కడ ఇరుక్కుంటుందో దానికే తెలీదు."

"మరి ఈ నొప్పి?"

"నొప్పి సంగతి నేను చూసుకుంటా. తొడ కండలు గట్టిపడితే కీలు మీద బరువు తగ్గుతుంది, వాపు పోతుంది. ముక్క మాత్రం పోదండీ. దాన్ని ఆపరేషన్ చేసి తియ్యాల్సిందే. అప్పటిదాకా చదును రోడ్డు మీద సైకిల్ తొక్కండి, మంచిదే. దిబ్బల మీంచి గాల్లోకి మాత్రం లేవకండి."

"ఇరవై ఏళ్ళ నుంచి గాల్లోనే ఉన్నానండీ నేను."

"ఇంకో ఇరవై ఏళ్ళు ఉండాలనే చెప్తున్నా."

వెండెల్ బుద్ధిగానే ఉన్నాడు. ఇళ్ళ పైకప్పులు వేసే పనికి వెళ్ళేముందు, రోజూ గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడేవాడు. మెట్టు మీద ఒంటికాలితో నెమ్మదిగా దిగేవాడు, ఎక్కేవాడు. సాయంత్రం బీరు మానేశాడు. మోకాలికి ఐసు పెట్టుకుని తొందరగా పడుకునేవాడు. ఆగస్టు పోయి అక్టోబరు వచ్చేసరికి వాపు లేదు, నొప్పి లేదు. కాలు మళ్ళీ పట్టెయ్యలేదు కూడా. ఆపరేషన్ తేదీ ఇవ్వడానికి ఆసుపత్రివాళ్ళు చేసిన ఫోన్‌కి అతను తిరిగి ఫోన్ చెయ్యలేదు. గాల్లో సైకిల్ తిప్పేవాళ్ళకి తెలిసిన కొలత ఒక్కటే. నొప్పి ఉంటే దెబ్బ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

సెప్టెంబరులోనే అతను మళ్ళీ అడవికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఆలెన్‌టౌన్ ఊరు దాటాక, మూతపడిన రాతి క్వారీ వెనక ఉంది ఆ అడవి. చెట్ల మధ్య మనిషెత్తు మట్టిదిబ్బలు జంటజంటలుగా ఉంటాయి. ఒకదాని మీంచి ఎగరాలి, మధ్యలో గొయ్యి దాటాలి, రెండోదాని వాలు మీద దిగాలి. ఆ దిగిన ఊపుతోనే తర్వాతి జంటకి. పార పట్టనివాణ్ణి అక్కడ సైకిల్ ఎక్కనివ్వరు. కొత్త వరస కడితే కట్టినవాడే దాన్ని మొదట ఎగరాలి. ఆ అడవిలో ఎవరి సైకిల్‌కీ బ్రేకులుండవు.

ఈ ఏడాది కొత్త వరస కట్టింది వెండెల్, అతని చెల్లెలు కోరా. ఆరు జంటలు. చివరిది అన్నిటికన్నా పెద్దది. దానికి కోరా పెట్టిన పేరు 'అత్తగారు'.

అక్టోబరులో వరస తెరిచే రోజు పొద్దున్నే వెండెల్ వచ్చేసరికి కోరా దిబ్బల మీది టార్పాలిన్లు మడిచేసి, వాగులోంచి పైపు లాగి మట్టి తడుపుతోంది. ఎండిన మట్టి పొడై రాలిపోతుంది, మరీ తడిస్తే చక్రాన్ని పీల్చేస్తుంది. ఆ లెక్క ఆ అడవిలో కోరాకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

"రా ముసలాడా! మోకాలికి నూనె రాసుకున్నావా?"

"నోరు మూసుకుని నీళ్ళు కొట్టు."

"అబ్బో, కోపం! అత్తగారిని చూసి భయమేస్తోందా అన్నయ్యా?"

నవ్వాడు. మోకాలు అరిగిందనీ, వ్యాయామాలు చేస్తున్నాడనీ ఆమెకి తెలుసు. ముక్క సంగతి తెలీదు.

మధ్యాహ్నానికి న్యూజెర్సీ నుంచి, ఒహాయో నుంచి కూడా జనం వచ్చారు. కుడివైపు చెట్ల కింద వరసగా నిలబడ్డారు. సాసేజులు కాలుతున్న వాసన. ఈ అడవిలో మొదటి దిబ్బ కట్టిన బ్రూనర్ పెద్దాయన పారని చేతికర్రలా ఊతం పెట్టుకుని వచ్చాడు.

వరస మొదట్లో ఉన్న గుట్ట మీద వెండెల్ సైకిల్ పట్టుకుని నిలబడి, ఒళ్ళు వేడెక్కడానికి గుంజీలు తీశాడు. మూడో గుంజీలో లోపల ఏదో కదిలింది. నొప్పి లేదు. బటాణీ గింజ జారినట్టు, అంతే. నాలుగో గుంజీ అతను తియ్యలేదు.

'చెప్పెయ్' అనుకున్నాడు. 'ఇప్పుడే చెప్పెయ్.'

"ఏరా వెండెల్, ముందు ఎవరు?" కింద నుంచి బ్రూనర్ అరిచాడు.

"వాడు తడుముకుంటే నేనే ముందు వెళ్తా తాతా!" అంది పక్కనే తన సైకిల్ పట్టుకుని ఉన్న కోరా. "కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాగా."

అత్తగారిని ఇంతవరకూ ఎవరూ ఎగరలేదు. ఎంత వేగం కావాలో అంచనా వేసుకోవాల్సిందే. వేగం తక్కువైతే సైకిల్ దిగుడు దిబ్బ అంచుకి కొట్టుకుంటుంది, ఎక్కువైతే చదునులో పడుతుంది. ఆ లెక్క గాల్లోకి లేవకముందే కాళ్ళకి తెలియాలి. తనకి తెలుసు. కోరాకి తెలీదు. ఆమె ఒక్కతే ముందు వెళ్తే? తన వెనక వస్తే వేగం తను చూపిస్తాడు. ఆమె చెయ్యాల్సిందల్లా తన వెనక చక్రాన్ని చూస్తూ రావడమే. దాన్నే వాళ్ళు రైలు కట్టడం అంటారు. వెనకున్నవాళ్ళు దిబ్బను చూడరు. ముందున్న చక్రాన్నే చూస్తారు.

మోకాలు ఇన్నాళ్ళు ఆగింది, ఒక్క నిమిషం ఆగదా?

"నేనే ముందు," అన్నాడు. "నువ్వు నా వెనక. కోరా, మూడు సైకిళ్ళ దూరం వదులు."

"మూడా? మధ్యలో పోస్టు వ్యాను పట్టుద్ది."

"చెప్పింది విను."

"సరే సరే. అరవకు."

అతను గుట్ట దిగాడు.

మొదటి జంట. కాళ్ళు మడిచాడు, ఎక్కుడు వంపులో చాచి తొక్కిపట్టాడు, గాల్లోకి లేచాడు. మెత్తగా దిగాడు. వెనక కోరా చక్రం గిర్రుమనే చప్పుడు. ఆ చప్పుడుని బట్టి ఆమె ఎంత దూరంలో ఉందో అతను చెప్పగలడు. మూడు సైకిళ్ళు కాదు. ఒకటి.

రెండోది. మూడోది. జనం కేకలు. మట్టి చక్కగా ఉంది, ఊపు పెరుగుతోంది.

నాలుగోదాని మీంచి దిగుతున్నప్పుడు కుడి మోకాలు లోపలికి ఒరిగింది. టక్కుమంది.

కాలు పట్టేసింది.

అరవబోయాడు. అరిస్తే ఏమవుతుంది? కోరాకీ బ్రేకులు లేవు. ముందున్నవాడు ఆగాల్సి వస్తే ఎడమకి తప్పుకోవాలి, వెనకున్నవాళ్ళు కుడికి. అదీ అక్కడి పద్ధతి. ఎడమవైపు చూశాడు. అత్తగారిని కట్టడానికి మట్టి తవ్విన గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. తవ్వింది తనే. కుడివైపు జనం.

ఐదోది ఎలా ఎగిరాడో అతనికి తెలీలేదు. ఎడమకాలితో, చేతులతో సైకిల్ని లాగాడు. దిగినప్పుడు వంపులో రెండు కాళ్ళూ చాచి తొక్కాలి. చాచుకున్నది ఒక్కటే. ఊపు తగ్గింది. చెవుల్లో గాలి చప్పుడు తగ్గడం అతనికి స్పష్టంగా తెలిసింది.

అత్తగారు ఎదురుగా లేచింది, గోడలాగా.

ఇక్కడ పడితే కోరా తన మీదే దిగుతుంది. ఆమె సైకిల్ ఇరుసు తన వీపులో. ఆమె మెడ ఎటు విరుగుతుందో.

'పడకు. ఏదైనా కానీ, పడకు.'

గాల్లోకి లేచాక అతనికి ఇంకో విషయం తట్టింది. కోరా చూస్తున్నది తన చక్రాన్ని. తను నెమ్మదిస్తే, అదే సరైన వేగం అనుకుని ఆమె కూడా గట్టిగా తొక్కకుండా ఊపు తగ్గించి ఉంటుంది. తన ఊపే ఆమె ఊపు. తను అందుకోకపోతే ఆమె కూడా అందుకోదు.

వెనక చక్రం దిగుడు దిబ్బ అంచుకి ధడేల్మని కొట్టుకుంది. సైకిల్ గుర్రంలా ఎగిరింది. హ్యాండిల్ వదల్లేదు. వాలు మీంచి జారి, చదునులోకి వచ్చి, ఎడమకి పొదల్లోకి ఒరిగిపోయాడు. నేల తగిలేలోపే వెనక అదే ధడేల్మనే చప్పుడు విన్నాడు. తర్వాత ఇనుము ఈడ్చుకుపోయిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"కోరా!"

జవాబు రాలేదు.

లేవబోయాడు. కాలు రాలేదు. మోచేతుల మీద, ఎడమ మోకాలి మీద పాకాడు. ఆమె వాలు కింద పక్కకి తిరిగి పడి ఉంది. హెల్మెట్ అటు వైపుంది. ముఖం కనిపించడం లేదు. చక్రం ఒకటి ఇంకా తిరుగుతోంది.

"కోరా, చెయ్యి కదుపు. వేళ్ళు కదుపు. కోరా!"

కదల్లేదు. అతని నోట్లో మట్టి. పాకుతున్నాడు, కానీ ఆ దూరం తరగడం లేదు. చిన్నప్పుడు ఆమెని మొదటిసారి దిబ్బ ఎక్కించింది తనే. 'నా చక్రం చూడు, ఇంకేం చూడకు' అని నేర్పింది తనే.

ఆమె వీపు ఒక్కసారి ఎగసిపడింది. పెద్దగా ఊపిరి లాక్కుంది, నీళ్ళలోంచి పైకి తేలినట్టు.

"ఊపిరి... ఆడలేదు," అంది. గడ్డం చీరుకుపోయి రక్తం కారుతోంది. "ఉన్నాను. ఉన్నాలే. నువ్వో?"

జనం పరుగెత్తుకొచ్చారు. బ్రూనర్ పెద్దాయన అందరినీ తోసుకుని వచ్చి ఆమె వేళ్ళూ, మెడా, భుజాలూ తడిమి చూశాడు. తర్వాత లేచి, దిబ్బ అంచున పడిన రెండు గాట్లు చూశాడు. రెండూ ఒకే చోట ఉన్నాయి.

"ఇద్దరికీ ఊపు చాల్లేదు," అన్నాడు. "మట్టి పీల్చేసినట్టుంది. నీళ్ళు ఎక్కువయ్యాయా ఏంటి?"

కోరా ముఖం పాలిపోయింది. "నేనే తడిపాను తాతా."

"అయిదో దానికి కొంచెం ఎక్కువ పట్టించావేమోలే. అవుతుంది, అందరికీ అవుతుంది."

"చేత్తో నొక్కి చూశాను తాతా. బాగానే ఉందనుకున్నా." ఆమె వెండెల్ వైపు తిరిగింది. "అన్నయ్యా, నిన్ను చంపేసేదాన్ని. నా వల్ల..."

చుట్టూ అందరూ తలలూపుతున్నారు. ఎవరో ఆమె భుజం తడుతూ, "పోనీలే, ప్రాణాలతో ఉన్నారుగా" అంటున్నారు. వెండెల్ ఒక్క మాట మాట్లాడకపోతే చాలు. అంతా దానంతటదే సర్దుకుంటుంది.

"మట్టి కాదు," అన్నాడు.

"ఏంటి?"

"మట్టి చక్కగా ఉంది కోరా. నా మోకాలు. నాలుగోదాని దగ్గర పట్టేసింది. కాలు చాచలేకపోయాను. నేనే నెమ్మదించాను, నన్ను చూసి నువ్వు."

ఆమె అతని కాలి వైపు చూసింది. ఇంకా మడిచే ఉంది.

"పట్టెయ్యడమేంటి? అరిగింది అన్నావుగా?"

"లోపల ముక్క ఉంది. ఊడి తిరుగుతోంది. ఎగరొద్దన్నారు."

"ఎప్పుడన్నారు?"

అతను మోకాలిని రెండు చేతులతో కప్పుకున్నాడు.

"ఎప్పుడన్నారు అన్నయ్యా?"

"ఆగస్టులో."

సాసేజుల దగ్గర ఎవరో నవ్వుతున్నారు, వాళ్ళకింకా తెలీదు. బ్రూనర్ వెళ్ళి టార్పాలిన్ విప్పి, అత్తగారి మీద కప్పడం మొదలుపెట్టాడు. టార్పాలిన్ కప్పితే ఆ వరస మూసేసినట్టు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి తలో అంచూ పట్టుకున్నారు.

ఇంకో టార్పాలిన్ మీద వెండెల్‌ని పడుకోబెట్టి, నలుగురు నాలుగు మూలలూ ఎత్తి, అడవి బయటికి మోసుకొచ్చారు. కారు వెనక సీట్లో కాలు చాపకుండానే కూర్చోబెట్టారు. గడ్డానికి గుడ్డ కట్టుకుని కోరా డ్రైవర్ సీట్లో కూర్చుంది. తాళం పెట్టింది. తిప్పలేకపోయింది.

"కోరా, ఆపరేషన్ చేయించుకుంటా. రేపే ఫోన్ చేస్తా."

"ఆసుపత్రికే వెళ్తున్నాం. ఇప్పుడే చేయించుకో." గొంతులో కోపం లేదు, అదే అతన్ని మరీ భయపెట్టింది. "అది నీ మోకాలి సంగతి. నా సంగతి వేరే."

"ఏంటి?"

"నీ చక్రం తప్ప నేనింకేం చూడలేదు. దిబ్బ ఎంత ఎత్తుందో కూడా చూడలేదు. నువ్వు నెమ్మదిస్తే, నీకు తెలుసులే అనుకున్నా." చేతులు ఒళ్ళో పెట్టుకుని నలుపుకుంది. "ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ చక్రమే కనబడుతోంది. ఒళ్ళంతా వణుకు. ఇక ఎవరి వెనకైనా వెళ్ళగలనా అన్నయ్యా? నిజంగా అడుగుతున్నా. వెళ్ళగలనా?"

ఆమె రెండు చేతులతో పట్టి తాళం తిప్పింది.

పెద్ద రోడ్డెక్కాక ముందు ఒక పాల ట్యాంకరు వెళ్తోంది. కోరా దానికి చాలా దూరం వదిలింది. ఆ ఖాళీలోకి ఒక కారు దూరింది, తర్వాత ఇంకొకటి. ఆమె ఇంకా నెమ్మదించింది. వెనకవాళ్ళు హారన్ మోగిస్తున్నారు. ఆమె చూపు ముందు బండి చక్రాల మీద నుంచి కదల్లేదు, కాలు బ్రేకు మీద నుంచి కదల్లేదు. వెండెల్ వెనక సీట్లో మడిచిన కాలిని రెండు చేతులతో పట్టుకుని, ఊరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.