కుడివైపు జేబు చొక్కా

ఒక్క మాట తీయించడానికి వచ్చిందామె. అంతకుమించి ఆ స్టూడియో గడప మళ్ళీ తొక్కాల్సిన ఖర్మ ఆమెకు లేదు. ఎవరో చెప్పగా విన్న ఆ మాట ఇప్పుడే ప్రివ్యూ గదిలో, బరువైన గొంతుతో, వెనకాల వయొలిన్లతో సహా వినబడింది. "లోపలి మనిషే కొత్త సినిమా టేపు దొంగ క్యాసెట్లవాళ్ళకిచ్చాడు. దాంతో మన హోమ్ వీడియో విభాగం మూతపడింది."

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆ విభాగంలో లోపలి మనిషంటే అందరికీ గుర్తొచ్చేది ఒక్కడే, ఆమె భర్త. బతికున్నంతకాలం మోసిన నింద చాలదన్నట్టు, పోయాక దానికి సంగీతం కూడా కట్టారు.

"ఎలా ఉంది పిన్నీ?" లైట్లు వేస్తూ అడిగాడు బావగారి కొడుకు. ఈ చరిత్ర సినిమా వాడు తీసిందే. పాత క్యాసెట్ల మీద జనానికి మళ్ళీ మోజు పుట్టిందట. అందుకని స్టూడియో తన క్యాసెట్ల కథను వచ్చేవారం పెద్ద సభలో చూపిస్తుందట. ముందు వరుసలో పిన్ని కూర్చోవాలట.

"ఆ లోపలి మనిషి మాట తీసెయ్."

"చరిత్ర కదా పిన్నీ, జరిగింది జరిగినట్టు చెప్పకపోతే ఎలా? బాబాయి పేరెక్కడా ఎత్తలేదుగా."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అవును మరి. క్యాసెట్లు మొదలుపెట్టింది ఎవరో చెప్పేటప్పుడూ ఎత్తలేదు. అదంతా మీ నాన్న ముందుచూపట!"

ఆ ముందుచూపు గల నాన్నగారు, స్టూడియో యజమాని అయిన ఆమె బావగారు, వెనక వరుసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. ఇంట్లో కూర్చుని సినిమా ఎవడు చూస్తాడురా అని తమ్ముణ్ణి అందరికంటే గట్టిగా వెక్కిరించింది ఆయనే. వాడని మేకప్ గది ఒకటి ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ గదిలో ఆమె భర్త రికార్డర్లు గోడెత్తున పేర్చుకుని, ఒక మాస్టరు టేపు నుంచి కాపీలు తీస్తూ, అన్నం కూడా వాటి మధ్యే తిన్నాడు. థియేటర్లలో పడుకున్న సినిమాలు ఇళ్ళల్లో లేచి కూర్చున్నాయి. అప్పుడు అందరూ ఆ గదిలోకి వచ్చి ఫొటోలు దిగారు.

"కోప్పడకు పిన్నీ. నీకోసం ఒకటి దాచాను చూడు," అంటూ పిన్నిని నవ్వించి దారికి తెచ్చుకోవాలని వాడు మళ్ళీ లైట్లు ఆర్పాడు.

తెర మీద ఆమె భర్త ప్రత్యక్షమయ్యాడు. ఆ రికార్డర్ల ముందు నిలబడి, వేలెత్తి చూపిస్తున్నాడు. "ఈ క్యాసెట్టు ఎక్కడ కొన్నారు? దొంగ సరుకు ఇంట్లోకి రానివ్వకండి." ప్రతి క్యాసెట్టులోనూ సినిమాకు ముందొచ్చే హెచ్చరిక అది. నటులెవరూ ఒప్పుకోకపోతే తనే నిలబడ్డాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఊళ్ళన్నిటికీ వేలు చూపించాడు. ఆ వేలే మళ్ళీ మళ్ళీ వస్తోంది. చొక్కాలు మాత్రం మారుతున్నాయి. నీలం, గళ్ళు, చారలు.

"బాబాయికి షోకెక్కువ కదా! సినిమా చివర్లో పెడితే జనం పడీపడీ నవ్వుతారు."

షోకూ కాదు, సింగినాదమూ కాదు. ఏ ప్రాంతానికి వెళ్ళే టేపుకు ఏ చొక్కా అన్నది మొగుడూ పెళ్ళాలిద్దరికే తెలిసిన సంగతి. దొంగ క్యాసెట్టు ఎక్కడ దొరికినా, అందులో చొక్కా చూస్తే టేపు ఎవరి దగ్గర జారిందో తెలిసిపోతుంది. ఇస్త్రీ చేసి ఇచ్చింది ఆమే.

అప్పుడు పసుపు చొక్కా వచ్చింది.

ఆమె కుర్చీలోంచి లేచింది. ఆ చొక్కా ఆమె కుట్టిన మొదటి చొక్కా. జేబు కుడివైపు పెట్టి కుట్టేసింది. ఇంట్లోవాళ్ళ కాపీకి ఇంట్లో కుట్టిందే వేసుకుంటానని ఆయన పట్టుబట్టాడు.

"ఆపు. ఇది ఎక్కడిది?"

"పాత సామాన్ల కొట్లో దొరికింది. మన సరుకు కాదు పిన్నీ, దొంగ క్యాసెట్టు. విభాగం మూతపడింది ఇందులోని సినిమా బయటికి పోవడం వల్లే కదా. ఆ వెధవలు మన హెచ్చరిక కూడా వదలకుండా దించేశారు చూడు!" వాడు పగలబడి నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "పసుపు చొక్కా టేపు ఒక్కటే ఉండేదిరా. అది ఏ ఊరికీ వెళ్ళలేదు. విడుదలకు ముందు మీ నాన్న చూసుకోవడానికి మీ ఇంటికి వెళ్ళింది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు బావగారు కర్ర తడుముకున్నారు. "తీసెయ్‌రా ఆ మాట. అమ్మాయి అంతగా బాధపడుతుంటే... తీసెయ్."

"నాన్నా?" వాడి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"థియేటర్ల వాళ్ళు పీకల మీద కూర్చున్నారు," అన్నారాయన గోడకేసి చూస్తూ. "క్యాసెట్లు ఆపితే తప్ప మన సినిమాలు వెయ్యం అన్నారు. వాడా, ఆపమంటే వినడు. ఏదో ఒక సాకు కావాలి కదా."

"సాకు కోసం టేపు ఇచ్చారు. ఇచ్చి, పదిమందిలో మీ తమ్ముణ్ణి దొంగను చేశారు. ఆయన తలొంచుకుని బయటికి నడుస్తుంటే మీరు గుమ్మంలో నిలబడి చూశారు."

"పిన్నీ, బాబాయికి తెలుసా?"

తెలియకేం! ఆ రోజు దొంగ క్యాసెట్టు చూసొచ్చిన మనిషిని ఏ చొక్కా అని ఆమే అడిగింది. "బొమ్మ అలుక్కుపోయింది, తెలియలేదు," అన్నాడు. నమ్మింది. ఇక్కడ తెర మీద జేబు కుట్టు కూడా కనిపిస్తోంది. ఆ తర్వాత ఆ చొక్కా ఆయన తొడుక్కోలేదు. బిగుతైందన్నాడు. అదీ నమ్మింది. అన్నను కాపాడుకున్నాడు, బాగానే ఉంది. పెళ్ళాం మాత్రం దొంగ పెళ్ళామనిపించుకుంటూ ఇన్నేళ్ళు బజారుకు వెళ్ళొచ్చింది. ఆయనే ఎదురుగా ఉంటే రెండు చెంపలూ వాయించేది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది తెరకేసి చూస్తూ. "మీ బాబాయి పట్టాడురా. పట్టి వదిలేశాడు. నేను వదలను."

"తీసేస్తాన్లే పిన్నీ. ఇప్పుడే తీసేస్తాను."

"వద్దు."

ఇద్దరూ ఆమెను చూశారు.

"ఒక్క ముక్క కూడా తీయొద్దు. లోపలి మనిషే ఇచ్చాడు, నిజమే కదా. దాని పక్కనే ఈ చొక్కా పెట్టు. ఈ చొక్కా టేపు ఎవరింటికి వెళ్ళిందో చెప్పు. వచ్చేవారం ముందు వరుసలోనే కూర్చుంటాను. మీ నాన్నను నా పక్కన కూర్చోబెట్టు."