పేలాలు దొరికిన బండి

జూన్ ఎనిమిది, ఆదివారం. ఆ మధ్యాహ్నం గవరయ్య తిన్నది వంజరం పులుసు, పొద్దున వండిన అన్నం. ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఆ తర్వాత రెండు రోజులు ఆయనకు ముద్ద దిగలేదు.

సాయంత్రం నాలుగింటికి ఆ దీవిలోని గరాచర్మలో తెలుగువాళ్ల సంఘం హాల్లో మీటింగ్. సంఘానికి ఉన్నది ఒక్కటే అంబులెన్స్. రెండో డ్రైవర్ రామ్‌ప్రసాద్ టూరిస్టు టాక్సీ తోలుకోవడానికి వెళ్లిపోయాక డ్రైవరూ ఒక్కడే, జోగులు. రోగులను ఉచితంగా తీసుకెళ్లాలని నియమం. కొన్నప్పటి ఉత్సాహం తగ్గి, విరాళాలు ఆగిపోయాయి. శవాన్ని ఇంటికి చేరిస్తే మాత్రం ఆ ఇంటివాళ్లు అడగకుండానే టాంకు నింపించేవారు. అందుకని ఆరు నెలల కిందట బండిలో శవాలను కూడా ఎక్కించమన్నాడు కార్యదర్శి గవరయ్య. "శుభ్రంగా కడిగెయ్యి. ఎవరితోనూ అనకు" అని జోగులుకు చెప్పాడు. శవం ఎక్కిన బండిలో మిన్నీ బే చేపల వేటవాళ్లు కడుపుతో ఉన్న మనిషిని ఎక్కించరని ఆయనకు తెలుసు. తెలిసే చెప్పాడు.

మీటింగ్ మొదలవగానే వేటవాళ్లలోంచి నూకన్న లేచి వచ్చి, పిడికిలి విప్పి బల్ల మీద గుప్పెడు పేలాలు పోశాడు. అతని కోడలు కామమ్మను శుక్రవారం పురిటికి ఆ బండిలోనే తీసుకెళ్లారు.

"ఇయ్యేటి? సెప్పండి! బండిలో కోడలి పక్క కింద దొరికినాయి. పీనుగు మీద సల్లిన పేలాల మీద నా కోడల్ని పడుకోబెట్టీసినారా?"

"తల్లీ బిడ్డా క్షేమమేనా?" అన్నాడు గవరయ్య.

"చేమమే. అది మా అమ్మోరి సలవ. నీది కాదు."

డైరీ ఫార్మ్‌ పేటలో ఇనుప సామాన్ల దుకాణం నడిపే అధ్యక్షుడు రమణయ్య గొంతు పెంచాడు. "ఉచితంగా ఎక్కుతారు, పైగా వంకలొకటి! అయినా ఇదంతా జోగులు చేసిన పని. మాకేం తెలుసు? ఇవాళే తీసేద్దాం."

"నికాల్ దో ఉస్కో! తీసెయ్యండి వాణ్ణి!" అని వెనక బెంచీల్లోంచి కేకలు.

గోడకు ఆనుకుని నిలబడ్డ జోగులు గవరయ్య వైపు ఒకసారి చూశాడు. జేబులోంచి బండి తాళంచెవి తీసి పేలాల పక్కన పెట్టాడు.

"తీసుకోండి సాబ్. నేనూ ఒక రాత్రి కంటినిండా పడుకుంటాను."

తాళం వైపు ఒక్క చెయ్యీ కదల్లేదు. అది అక్కడే ఉండిపోతే ఈ సాయంత్రం నుంచి బండి లేదు. నిజం చెబితే తన పరువు పోతుంది, వేటవాళ్లు ఇక ఆ బండి ముఖం చూడకపోవచ్చు. గవరయ్య కుర్చీలోంచి లేచాడు.

"వాడి తప్పేం లేదు," అన్నాడు చివరికి. "శవాలు ఎక్కించమన్నదీ, చెప్పొద్దన్నదీ నేనే."

హాలు హాలంతా ఆయన మీద పడింది. అబద్ధాలకోరన్నారు, శవాల బేరగాడన్నారు. రమణయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నీ మొకం సూసి ఎక్కించినాను బావూ," అన్నాడు నూకన్న. అరవకుండా అన్న ఆ ఒక్క మాటే గవరయ్యకు ఎక్కువ తగిలింది. "జోగులు ఉంటాడు. శవాలు బందు. పతీ బోటూ నెలకో కేను డీజిలిస్తాది. మావోడు కన్నబాబు చేపల బండి తోల్తాడు కదా, రోజు విడిచి రోజు ఆడు తోల్తాడు. నువ్వు మాత్రం ఆ కుర్చీలో ఉండకూడదు. బండిని పిలిసే ఫోన్ కూడా నీ కాడ ఉండకూడదు."

ఎవరూ కాదనలేదు. జోగులు తాళం తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, బల్ల చివరనున్న మంచినీళ్ల గ్లాసును గవరయ్య ముందుకు జరిపాడు.

రాత్రి ఎనిమిదింటికి నూకన్న కొడుకు కన్నబాబు గవరయ్య ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పలేదు, గడప దాటలేదు.

"ఫోన్."

చేతిలో పెడుతుండగానే అది మోగింది. అవతల ఎవరో ఆడమనిషి, ఏడుపు. "హా దీదీ... హా... ఆతే హై," వస్తున్నామన్న అదే మాట తిప్పి తిప్పి అంటున్నాడు కన్నబాబు.

"ఏ దుకాణం దగ్గరో అడుగు," అన్నాడు గవరయ్య మెల్లగా. "మనిషి మెట్లు దిగగలడేమో అడుగు."

కన్నబాబు ఆయనకు వీపు తిప్పి ఆ రెండూ అడిగాడు. తర్వాత జోగులుకు ఫోన్ చేశాడు. "డైరీ ఫార్మ్, మందుల షాపు పక్క సందు. గుండె నొప్పి. మేడ మీదున్నాడు, దిగలేడంట. స్ట్రెచర్‌కి ఇంకో మనిషి కావాలి. మందుల షాపు కాడుంటాను, వచ్చీ."

ఫోన్ జేబులో వేసుకుని గుర్రుగా చూశాడు.

"నిన్నెవులడిగినారు?"

"ఎవరూ అడగలేదు."

కన్నబాబు విసురుగా మెట్టు దిగాడు. తలుపు దభాలున పడుతుందని గవరయ్య కళ్లు మూసుకున్నాడు. చప్పుడు రాలేదు. కళ్లు తెరిచి చూస్తే, చీకట్లోంచి చాచిన కన్నబాబు చెయ్యి తలుపు అంచు పట్టుకుని, గొళ్లెం కదలకుండా, నెమ్మదిగా దగ్గరికి వేస్తోంది.