సీ గ్రూపుకు చెప్పని పాఠం

నేను ఒక మైకుని. చేత్తో పట్టుకునే రకం. మెడ మీద నల్లటి స్విచ్చు, వెనకాల తోకలా పొడుగాటి వైరు. నన్ను చూడగానే మనుషులకు ఏమవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ముందు నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తారు. తర్వాత ముఖం మీద ఫూ ఫూ అని ఊదుతారు. ఇంత మర్యాద జరిగాక, "రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అంటారు. ఆ రెండు ముక్కలూ ఎప్పటికి అవుతాయో, అవి విన్న నాకు తెలుసు.

ఢిల్లీలో ఒక ఇరుకు సందులో పుట్టాను. నన్ను తయారు చేసినామె పేరు కూడా తెలియదు, చేతి గాజుల చప్పుడు మాత్రం గుర్తుంది. నా పొట్టలో ఒక అయస్కాంతం పెట్టింది. దాని దగ్గర వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ చుట్ట, దాని మీద ఉల్లిపొర లాంటి పల్చటి పొర. మాట తగిలితే పొర వణుకుతుంది. పొరతో పాటు తీగ చుట్ట ఊగుతుంది. అయస్కాంతం దగ్గర తీగ ఊగితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటే వైరు వెంట పోయి, మధ్యలో యాంప్లిఫయర్ పెట్టెలో బలం పుంజుకుని, అవతల స్పీకరు డబ్బాలో మళ్లీ మాట అవుతుంది. ఇంతే నా గొప్ప. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి ఒక పిల్ల ఎన్ని తిప్పలు పడిందో చెప్పడానికే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

నన్ను మొదట కొన్నది జగిత్యాలలో టెంటు సామాన్లు కిరాయికిచ్చే మల్లేశం. అతని దగ్గర ఉన్నన్నాళ్లు నాకు తీరిక లేదు. పెళ్లి పందిట్లో "అన్నం తినకుండ ఎవ్వలు పోవద్దు" అని బతిమాలడం నా పనే, రోడ్డుకు అడ్డంగా పెట్టిన బండి తియ్యమని తిట్టడమూ నా పనే. ఓట్లప్పుడు పొద్దున ఒకాయన చేతిలో, సాయంత్రం ఆయన పగవాడి చేతిలో. ఇద్దరూ ఒకే రోడ్డు వేయిస్తామన్నారు. తర్వాత వైర్లు లేని మైకులు వచ్చాయి. మల్లేశం నన్ను తను చదువుకున్న ఎల్లంపేట హైస్కూలుకు దానంగా ఇచ్చి, శాలువా కప్పించుకున్నాడు. పనికిరానిది ఇచ్చి పొగడ్త పుచ్చుకోవడం మనుషులకు బాగా తెలుసు. నాకు మాత్రం బడి నచ్చింది. పిల్లలు నన్ను పట్టుకుంటే చేతులు వణుకుతాయి. మాట విలువ తెలిసినవాళ్లకే అలా వణుకుతుందని నాకనిపించేది.

అక్కడి హెడ్మాస్టరు కిషన్‌రావు సారు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆయన భయమంతా ఒక్కటే: పదో తరగతిలో ఎవరైనా ఫెయిలైతే పైవాళ్లు ఏమంటారో! అందుకని దసరా సెలవులు కాగానే పదో తరగతిని మూడు గ్రూపులు చేశారు. బాగా చదివేవాళ్లు ఏ, ఫరవాలేదనిపించేవాళ్లు బీ, మిగిలినవాళ్లు సీ. ఏ గ్రూపుకు గది, ఫ్యాను, పూర్తి పాఠాలు. సీ గ్రూపుకు వరండా, పాసు మార్కులకు సరిపడా బిట్లు. ప్రశ్న చూడాలి, జవాబు అప్పజెప్పాలి, ఎందుకని అడగకూడదు.

ఆ వరండా హెడ్మాస్టరు గది కిటికీ పక్కనే. నేనుండేది ఆ గది బల్ల మీదే కాబట్టి సీ గ్రూపు చదువంతా నా చెవిన పడింది. రజిత అనే పిల్లను అక్కడే మొదటిసారి విన్నాను. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఇంట్లో ఆకు కత్తిరించే పని ఈ పిల్లదే, అందుకని హోంవర్కు ఎప్పుడూ సగమే. ఒకరోజు సైన్సు చెప్పే సదానందం సారును ఆపింది.

"సారూ, పొద్దున ప్రేయర్ల మైకు పట్టుకున్న. ఈడ మెల్లగ మాట్లాడితే ఆడ డబ్బల కెల్లి అంత పెద్దగ ఎట్లొస్తది?"

సారు ముఖం ఒక్క క్షణం వెలిగింది. ఆయనకు ఆ పాఠమంటే ప్రాణం. ముందు రోజే ఏ గ్రూపుకు ల్యాబు తెరిచి, అయస్కాంతం, తీగ చుట్ట చూపించి మరీ చెప్పాడు. అంతలోనే హెడ్మాస్టరు గది వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అది మీకు ఇంపార్టెంట్ కాదు బిడ్డా. లెక్కల సార్ వస్తుండు, ఈలోపు ఈ బిట్లు చూసుకోన్రి."

నేను కిటికీకి ఇవతల ఉన్నాను. జవాబు నా పొట్టలోనే ఉంది. లోకంలో అందరి గొంతూ పెద్దది చేస్తాను, నాకంటూ గొంతు లేకపోయె! ఆ రోజు మొదటిసారి నా బతుకు మీద నాకే రోత పుట్టింది.

చలికాలం వెళ్తుండగా జిల్లా నుంచి కబురొచ్చింది. బడులు ఎలా బాగుపడాలో పిల్లల నోటి నుంచే వినడానికి ఒక పెద్ద ఆఫీసరమ్మ వస్తోందట, పిల్లలు తమ అభిప్రాయాలు నిర్భయంగా చెప్పాలట. ఇంకేముంది, ఏ గ్రూపులో నలుగురిని ఏరి, నిర్భయమైన అభిప్రాయాలు రాసిచ్చి బట్టీ పట్టించారు. మైదానం చుట్టూ చెట్లు నాటాలి, గ్రంథాలయానికి బీరువా కావాలి, ఇలాంటివి. రిహార్సల్లో ఒకడు మధ్యలో ఆగిపోయి, "సార్, నా అభిప్రాయం మళ్లొక్కసారి చెప్పరా?" అని అడిగాడు. నవ్వొచ్చింది గానీ, నా నవ్వు ఎవరికి వినపడుతుంది?

ఆఫీసరమ్మ వచ్చింది. నలుగురూ తప్పు లేకుండా అప్పజెప్పారు. ఆవిడ బాగుందని చప్పట్లు కొట్టి, ఎవరూ అనుకోని పని చేసింది. వెనక వరసలో కూర్చున్న రజితను చూపించి, "నువ్వు చెప్పు తల్లీ, నీకేం కావాలి?" అంది. కిషన్‌రావు సారు కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నారు.

రజిత వచ్చి నన్ను రెండు చేతులా పట్టుకుంది. బీడీ ఆకు వాసన.

"మేడం, మాకు బిట్లొద్దు. పాఠం చెప్పున్రి. ఈ మైకు ఎట్ల పనిచేస్తదో మా పుస్తకంల ఉన్నదట. ఏ గ్రూపోళ్లకు ల్యాబు తెరిచి చూపెట్టిండ్రు. మాకు ఇంపార్టెంట్ కాదన్నరు. పాసైతమో లేదో, మాకు గూడ ఒక్కసారి పాఠం మొత్తం చెప్పున్రి మేడం. అర్థం కాకుంటే మల్ల అడుగుతం."

నేను నా ప్రాణం పెట్టి పనిచేశాను. ఒక్క అక్షరం పోనివ్వలేదు. గేటు అవతల బఠానీలమ్మే అతను కూడా తల తిప్పి చూశాడు. సదానందం సారు తల దించుకున్నాడు.

ఆఫీసరమ్మ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. రజిత భుజం మీద చెయ్యి వేసి, నన్ను అందుకుంది. నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

"చూశారా, వెనకబడిన పిల్లల్లో కూడా చదువు మీద ఎంత తపన ఉందో! హెడ్మాస్టరు గారూ, రేపటి నుంచి వీళ్లకు సాయంత్రం ఇంకో గంట స్పెషల్ క్లాసు పెట్టండి. ఒక్కరు కూడా ఫెయిల్ కావద్దు."

మైదానమంతా చప్పట్లు. ఆ మాటలనూ నేనే పెద్దవి చేసి వినిపించాను, ఏం చేయను, నా పని అది. రజిత మళ్లీ నా కోసం చెయ్యి చాచింది. "ఇగ చాలమ్మా, పోయి కూసో" అన్నారు కిషన్‌రావు సారు.

మర్నాటి నుంచి సీ గ్రూపు సాయంత్రం కూడా వరండాలోనే. ఇంకో గంట, ఇంకొన్ని బిట్లు. దూరం ఊళ్ల పిల్లలకు బస్సు తప్పిపోయేది. "నిన్నెవలు మాట్లాడుమన్నరే? నీ మూలాన నడిచి పోతున్నం" అని తోటి పిల్లలు రజిత మీద పడేవాళ్లు. తర్వాత వరండాలో దాని గొంతు బిట్లు అప్పజెప్పడానికి తప్ప లేవలేదు. అడగడం మానేసింది. నన్నడిగితే, ఆ బడిలో జరిగిన అసలు ఫెయిలు అదే.

వీడ్కోలు సభలో ఒకడు డాన్సు చేస్తూ నన్ను కింద పడేశాడు. నెత్తి మీది జాలీ సొట్టపోయింది, లోపల తీగ ఎక్కడో తెగింది. హెడ్మాస్టరు బల్ల మీద మూగగా పడి ఉండగానే పరీక్షలు, ఫలితాలు అయిపోయాయి. అందరూ పాసయ్యారు. కిషన్‌రావు సారుకు సన్మానం జరిగింది, కొత్త మైకులో.

మార్కుల మెమో తీసుకోవడానికి రజిత వచ్చింది. సైన్సులో అంచు మీద పాసైందట. కాలేజీలో సైన్సు గ్రూపు తీసుకోవా అని కిషన్‌రావు సారు అడిగితే, "అర్థం కాదు సార్" అంది. సంతకం పెట్టి వెళ్లబోతూ నన్ను చూసి ఆగింది.

"సారూ, ఇది ఖరాబైందా?"

"ఆ, పనిచేస్తలేదు."

"గట్లయితే నాకియ్యరాదుండ్రి సారూ."

"ఏం చేస్కుంటవ్ బిడ్డా?"

"ఇప్పి చూస్త. లోపల ఏమున్నదో."

అయ్యో, ఇచ్చెయ్యవయ్యా! నా మరలు ఊడదీయనీ, నా పొర చింపనీ, ముక్కలు ముక్కలు చేయనీ. పనికిరాకుండా పోయాకనైనా ఒక్కరికి పనికొస్తాను. జీవితంలో ఎన్నడూ ఇంతగా దేన్నీ కోరుకోలేదు.

కిషన్‌రావు సారు ఒక క్షణం తటపటాయించారు. నన్ను చేతిలోకి కూడా తీసుకున్నారు. అప్పుడు మళ్లీ ఆ భయం వచ్చింది.

"ఇయ్యరాదమ్మా. సర్కారు సామాను. రేపు ఎవలన్న అడిగితే నేనేం చెప్పాలె?"

"సరే సారూ" అని వెళ్లిపోయింది. గేటు దాకా వినపడిన చెప్పుల చప్పుడు తర్వాత ఆగిపోయింది.

నన్ను భద్రంగా ఉంచాలి కదా! బడిలో అన్నిటికన్నా భద్రమైన చోటేదని ఆలోచించి, ల్యాబులో పెట్టి తాళం వేశారు. ఇప్పుడు అక్కడే ఉన్నాను. నా పక్కన దుమ్ము పట్టిన అయస్కాంతం ఉంది, రాగి తీగ చుట్ట ఉంది. ల్యాబు కూడా ఆ వరండా వెంబడే కాబట్టి, గోడ అవతల కొత్త సీ గ్రూపు బిట్లు అప్పజెప్పడం వినపడుతోంది. మధ్యలో ఎవరో ఒకరు "ఎందుకు సారూ?" అంటారేమోనని రోజూ చెవులు రిక్కించి వింటాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.