సింధుకు చోటు

మా ఆయన సోమలింగానికి రాత్రి డ్యూటీ ఉన్న వారాల్లో మా ఇంట్లో పగలు కుక్కర్ కూయదు. పప్పు విడి గిన్నెలో ఉడకబెడతాను. కింద పాత చీర పరిచి గిన్నెలు తోముతాను. గుజరాతీల మిల్లుల పేట ఉధ్నాలో మాది ఒకటే గది, వెనక చిన్న వంట మూల. పక్క సందులో మరమగ్గాలు రాత్రీ పగలూ దడదడలాడుతూనే ఉంటాయి. ఆ మోతకు సోమలింగానికి నిద్ర చెడదు, అందులోనే పెరిగిన మనిషి. నా గాజుల చప్పుడుకు మాత్రం చెడుతుంది. "జర నిమ్మలంగ మసులరాదే?" అంటాడు కళ్లు తెరవకుండానే. పెళ్లయిన కొత్తలోనే గాజు గాజులు తీసి ప్లాస్టిక్‌వి వేసుకున్నాను. అందుకు నేనేం ఏడవలేదు. మనిషి మంచివాడే, రాత్రంతా మగ్గాల మధ్య నిలబడి వస్తాడు. నేను పగలంతా చీరలకు రాళ్లు అంటిస్తాను కానీ అది మా ఇంట్లో పని కిందికి రాదు. "కూసుండి చేసేదే గద" అంటుంది మా అత్త రాజమ్మ.

మా బిడ్డ సింధూజ తొమ్మిదో తరగతి. నిరుటి నుంచి మెట్లెక్కితే రొప్పుతోంది. ఉధ్నాలో ఎవరికి ఆయాసం వచ్చినా మేం మిల్లు దుమ్ము మీదికే నెడతాం. దారాల నూగు తలలో, ముక్కులో, అన్నంలో ఉంటుంది మరి. "నూగు పోయింది లోపలికి, బెల్లం పెట్టు" అంది అత్త. "అందరికుండేదే" అన్నాడు ఆయన. నేనూ పిల్ల ముక్కుకు చున్నీ కట్టి, చేతిలో బెల్లం ముక్క పెట్టి బడికి పంపాను. నవరాత్రికి గర్బా ఆడతానంటే చోళీ కుట్టాను. వేసి చూస్తే ఒక భుజం కిందికి జారింది. నా కత్తెర తప్పనుకుని విప్పి మళ్లీ కుట్టాను, మళ్లీ అదే. చివరికి పిల్లను ముందుకు వంగమని వీపు మీద టేపు పెడితే వెన్ను టేపును వదిలి పక్కకు పోయింది. కుడివైపు పక్కటెముకలు పైకి లేచి ఉన్నాయి, ఎడమవైపువి లోపలికి దిగబడ్డాయి.

దవాఖానాలో ఎక్స్‌రే తీశారు, గొట్టంలోకి ఊదించి చూశారు. వంకర కొంచెమే ఉంటే ఊపిరికి ఏమీ కాదని, సింధుది ఎక్కువైందని డాక్టరమ్మ హిందీలో చెప్పింది. వెన్ను పక్కకు వంగడమే కాక మెలి కూడా తిరిగిందట, దాంతో ఎముకల గూడు ఒకవైపు నొక్కుకుపోయిందట. "ఊపిరితిత్తులు మంచిగానే ఉన్నాయి. విప్పుకోవడానికి వాటికి చోటు లేదు" అంది. ఎదిగే వయసు కాబట్టి వంకర పెరగకుండా బెల్టు కట్టుకోవాలి. మధ్యాహ్నం బడి నుంచి రాగానే, మళ్లీ సాయంత్రం చాప మీద పడుకుని, దిగబడిన వైపు గాలి నిండేలా పీల్చి నోటితో చప్పుడయ్యేలా వదలాలి. అయినా పెరిగితే ఆపరేషనే.

సింధు బెల్టు కట్టుకుంది, కసరత్తూ మానలేదు. అయినా మళ్లీ వెళ్లినప్పుడు గొట్టంలో ఊదితే అప్పటిలాగే ఉంది. అక్కడ కసరత్తు నేర్పే అక్కను అందరూ బెన్ అంటారు. ఆమెకు అనుమానమొచ్చి, ఇంట్లో ఎలా చేస్తావో చూపించమంది. నా బిడ్డ పడుకుని, పెదవులు బిగించి, దొంగతనం చేస్తున్నట్టు ఊపిరి వదిలింది. గట్టిగా వదలమంటే నా వైపు చూసింది.

"దోపారి పప్పా పండుకుంటడు గద మమ్మీ. సాయంత్రం నానమ్మ, ఆడపిల్ల గంత చప్పుడు చేసి ఊపిరి తీసుకుంటదా అంటది."

చప్పుడు చేయొద్దని నేను దానికి ఎన్నడూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది, పుట్టినప్పటి నుంచీ నన్ను చూస్తోంది. బెన్ నన్ను కూడా చాప మీద పడుకోమంది, ఇంట్లో నువ్వే చేయించాలి కదా అని. సింధు నా పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూసి నవ్వింది. "మమ్మీ, నీది గూడ పైపైనే పోతుంది. నీకేం వంకర లేదు గద?" నాకూ నవ్వొచ్చింది. ఆటోలో ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాం, ఎందుకో ఆ రోజంతా నాకు హాయిగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సోమలింగం గది నడుమ నిద్రపోతున్నాడు. నేను పప్పు కుక్కర్‌లో పెట్టాను. చీరల కట్టలు గోడవారకు నెట్టి, ఆయన పక్కనే చాప పరిచాను. సింధు పడుకుంది, దాని దిగబడిన ఎముకల మీద నా అరచెయ్యి ఆనించాను. "నా చెయ్యి లేపు బిడ్డా" అన్నాను. లేపింది. నోటితో పెద్దగా వదిలింది. నేనూ దానితోపాటు పీల్చి వదిలాను. "ఓ పిల్లా, నీ మొగుడు లేస్తడు" అని గడపలోంచి కేకేసింది అత్త. అప్పుడే కుక్కర్ కూసింది.

సోమలింగం లేచి కూర్చున్నాడు. "ఏందే గా చప్పుడు?" అన్నాడు. ఇదివరకైతే, ఏం లేదు పండుకో అనేదాన్ని.

"మేం ఊపిరి తీసుకుంటున్నం" అన్నాను. "జర పక్కకు జరుగు."