పిడుగుదొర పెట్టెలోంచి ఎలా బయటపడ్డాడు

మా నాన్నకీ, ఆయన అక్క మా అత్తయ్యకీ మాట్లాడుకోవడానికి ఉన్న విషయం ఒకే ఒక్కటి, పిడుగుదొర. మిగతా ఏ సంగతి ఎత్తినా ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

యుద్ధం రోజుల్లో వచ్చిన ఓ బొమ్మల పుస్తకంలో వీరుడు ఈ పిడుగుదొర. ఒంటిచేత్తో ట్యాంకుల్ని బోర్లా తిప్పేస్తాడు, విమానాల్ని తోక పట్టుకుని ఆపేస్తాడు. శత్రువులు మోసం చేసి అతన్ని ఇనప్పెట్టెలో కుక్కి, జలాంతర్గామిలోంచి సముద్రంలోకి తోసెయ్యబోతుండగా సైరన్ మోగింది. కథలో కాదు, వీధిలో. నేలమాళిగలో దాక్కున్న అక్కాతమ్ముళ్లు నాకంటే నాకని పుస్తకాన్ని లాక్కున్నారు. అది రెండు ముక్కలైంది. మొదటి ముక్క నాన్నకి మిగిలింది, చివరి ముక్క అత్తయ్యకి. ఆవిడ తన ముక్క చదివేసి, తమ్ముడికి చూపించకుండా, బళ్లో సైన్యం కోసం చిత్తుకాగితాలు పోగుచేస్తుంటే తీసుకెళ్లి ఇచ్చేసింది. దేశభక్తి అంటుంది గానీ, అది వట్టి కుళ్లుమోతుతనం.

అప్పట్నుంచీ పెత్తనం ఆవిడదే. "ఇంతకీ దొర ఎలా బయటపడ్డాడక్కా?" అని నాన్న అడగడం, ఆవిడ పూటకో కథ చెప్పడం. తిమింగలం పెట్టెని మింగి ఒడ్డున కక్కిందని ఒకసారి. జలాంతర్గామిలో వంటవాడు జాలిపడి తాళం తీశాడని ఇంకోసారి. ఇద్దరికీ జుట్టు నెరిసింది, నాన్నకైతే ఊడింది కూడా. ఇప్పటికీ ఆదివారమైతే చాలు, ఒంటరిగా ఉంటున్న అక్క ఇంటికి వెళ్తాడు, కాసేపు ఆవిడ మీద అరుస్తాడు, కొత్త ముగింపు వింటాడు, "అన్నీ అబద్ధాలే" అని తిట్టుకుంటూ తిరిగొస్తాడు.

నేను పనిచేసేది పాత బొమ్మల పుస్తకాలమ్మే కొట్లో. మా యజమాని తెల్ల చేతితొడుగులు లేకుండా వాటిని ముట్టుకోడు, చదవనే చదవడు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేయిస్తే ఆయనకి కడుపు నిండిపోతుంది. ఓ పొద్దున ఆయన తెచ్చిన డబ్బాలో చూద్దును కదా, పిడుగుదొర! అదే సంచిక, నలగకుండా, చిరగకుండా. ఆగలేక నాన్నకి ఫోన్ చేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు, అత్తయ్యకి కూడా చేశాను.

నాన్న కంటే ముందు అత్తయ్య దిగింది. రొప్పుతూ వచ్చి, "ఏదే అది?" అంది. చూపించగానే డబ్బా లాక్కుని, కుర్చీలో పెట్టి, దాని మీద కూర్చుంది.

మా యజమాని గావుకేక పెట్టాడు. "అమ్మా! లేవండమ్మా! అది నలిగితే నా కొంప మునుగుతుంది!"

"నీ కొంప గొడవ నాకెందుకయ్యా? మా తమ్ముడొచ్చి వెళ్లిందాకా నేను లేవను."

నేను ఆవిడ చెవిలో అన్నాను. "ఏంటత్తయ్యా ఈ చిన్నపిల్ల చేష్టలు? చదువుకోనీ పాపం."

"చదివేశాక ఇక నా గుమ్మం తొక్కుతాడా?" ఆవిడ గొంతు ఉన్నట్టుండి సన్నబడింది. "వాడు వారం వారం వచ్చేది నన్ను చూడ్డానికనుకున్నావా? ఆ దొర కోసం. అదీ తెలిసిపోతే ఇంకెందుకొస్తాడే?"

ఫోన్ చేసిన నా చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది.

ఈలోగా నాన్న రానే వచ్చాడు.

"లే అక్కా."

"మోకాళ్లు పట్టేశాయిరా. లేవలేను."

"వచ్చేటప్పుడు బానే ఉన్నాయిగా? లే!"

నాన్న ఒక చెయ్యి, మా యజమాని ఒక చెయ్యి పట్టుకుని లాగారు. ఆవిడ ఇంకా గట్టిగా కూలబడింది. కింద డబ్బా ఫట్‌మంది. ఆవిడ ఉలిక్కిపడి లేచింది, అంతే, నాన్న ఆ ముక్కల్లోంచి పుస్తకం లాగేశాడు. వేలు నాలిక మీద తడుపుకుని పేజీలు తిప్పుతుంటే, మా యజమాని "తొడుగులు! తొడుగులు!" అంటూ చుట్టూ తిరిగాడు.

ఆఖరి పేజీ నేనూ తొంగిచూశాను. ఇనప్పెట్టె నీళ్లలో మునుగుతోంది. పైన బుడగలు. అడుగున ఒక్క ముక్క: మిగతాది వచ్చే నెల.

"మరి ఆ వచ్చే నెలది ఏదయ్యా?" అన్నాడు నాన్న.

"రాలేదండీ. యుద్ధంలో కాగితం దొరక్క పత్రికే మూసేశారు. ఇదే ఆఖరిది. అందుకే దీనికింత గిరాకీ. ఉండేది," అని మా యజమాని డబ్బా ముక్కలు ఏరుకున్నాడు.

అంటే దొర బయటపడనేలేదు. ఆ సంగతి అత్తయ్యకి మొదట్నుంచీ తెలుసు. ఆవిడ తలొంచుకుని కొంగు అంచు నలుపుతోంది.

నాన్న పుస్తకం మూశాడు. "అయితే తిమింగలమూ నువ్వే, వంటవాడూ నువ్వేనన్నమాట."

"ఊఁ."

"అనుకుంటూనే ఉన్నా. ఇనప్పెట్టె మింగితే తిమింగలం బతుకుతుందా? నీకసలు బుర్ర లేదక్కా. ఈ ఆదివారం నేను చెప్తా, విను. దొర ఏం చేశాడంటే, పెట్టెకి లోపల్నుంచి..."

అత్తయ్య చటుక్కున తలెత్తింది.

"నువ్వు చెప్పేదేంట్రా? ఆ సగం నాది!"