నాలుగు మెట్లు దిగి వెనక్కి

దుప్పట్లమ్మకి భయపడటం ఒకరు నేర్పక్కర్లేదు. ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటుంది. మోగకపోతే, ఆ కబురు చెప్పాల్సినవాళ్ళు కూడా పోయారనుకుంటుంది. ఆసుపత్రిలో దుప్పట్ల గది ఆమెది. ఉతికొచ్చిన దుప్పట్లు, దిండు గలీబులు మడతపెట్టి, తోపుడు బండిలో వార్డులకి చేర్చడం పని. పద్దెనిమిదేళ్ళుగా అదే చేస్తోంది కాబట్టి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆ రోజు మధ్యాహ్నం టీ వేళ లిఫ్టు నడిపే ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి, తువ్వాళ్ళ దొంతర మీద ఫోను నిలబెట్టాడు.

"అక్కా, ఇది విను. మీ పిట్టదే!"

పిట్ట అంటే ఆమె కూతురు. ఇరవై రెండేళ్ళది. ఉదయం పూట సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పని. మిగతా రోజంతా చెవులకి పెద్ద పెద్ద డిప్పలు తగిలించుకుని లాప్‌టాప్ ముందే. ర్యాప్ పాడేవాళ్ళ మాటల కింద డబడబా కొట్టుకుంటుందే, దాన్ని బీట్ అంటారట. అది తయారుచేస్తుంది. చెవులు పోతాయని ఒక భయం, కళ్ళు పోతాయని ఇంకొకటి, పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ఏం చేస్తావమ్మా అని అడిగితే ఏం చెబుతుందా అని మరొకటి. దుప్పట్లమ్మ భయాలకి పిట్ట ఒక్కతే చాలు.

పాట మొదలైంది. ఎవడో కుర్రాడు గబగబా మాట్లాడుతున్నాడు. కింద మూడు దెబ్బలు, వెంటవెంటనే. తర్వాత ఏమీ లేదు. ఇక పడదేమో అనుకునేలోపు, కాస్త ఆలస్యంగా, ఒక్క దెబ్బ. మళ్ళీ మూడు. మళ్ళీ ఖాళీ. మళ్ళీ ఒకటి.

"చూశావా, ఏదో మర్చిపోయి వెనక్కొచ్చినట్టు కొడుతుంది," అన్నాడు లిఫ్టాయన తల ఊపుతూ. "అందరూ దీని గురించే."

నా కూతురే అని ఒక్క క్షణం దుప్పట్లమ్మ ఛాతీ పొంగింది. ఆ ఒక్క క్షణమే.

"ఆగండి, ఆగండి," అంది పెద్దక్క. దుప్పట్ల గదిలో ఆమెతోపాటు పనిచేసే మనిషి, ఇద్దరిలో పెద్దది, నోటికి అడ్డూ ఆపూ లేనిది. "ఇది నేనెక్కడో విన్నాను."

లేచి గుమ్మం దగ్గరికెళ్ళింది. తలుపు మూసి, గొళ్ళానికున్న తాళాన్ని పట్టుకుని టకటకటకా మూడుసార్లు లాగింది. వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యేసుకుని నాలుగడుగులు వేసింది. ఠక్కున ఆగి, కళ్ళు పెద్దవి చేసుకుని వెనక్కొచ్చి ఇంకొక్కసారి లాగింది.

లిఫ్టాయన నేలమీద కూర్చుని నవ్వాడు. "అయ్యబాబోయ్! అక్కా, నిన్నే ఎక్కించేసింది పాటలోకి!"

దుప్పట్లమ్మ కూడా నవ్వింది, అందరికంటే గట్టిగా. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ తాళం లాగడం ఎవరూ చూడలేదనుకుంది ఇన్నాళ్ళూ. చూడకేం, లెక్కపెట్టుకుని మరీ చూశారు. మర్నాటినుంచి బీరువా మూసినవాళ్ళు, మందుల గది మూసినవాళ్ళు, ఆఖరికి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా మూడుసార్లు లాగి, ఆగి, ఆమె వంక చూసి, నాలుగోసారి లాగడం మొదలుపెట్టారు.

మర్నాటి సాయంత్రం మూడంతస్తులూ ఎక్కి ఇంట్లోకొచ్చీ రాగానే కూతురి చెవులమీది డిప్పలు లాగేసింది.

"ఏం చేశావే నన్ను?"

"ఏం చేశానమ్మా?"

"ఆ మూడూ ఒకటీ. మన తలుపు. ఆసుపత్రిలో అందరికీ నవ్వులాటైపోయాను."

పిట్ట ముఖంలో రంగు మారింది. దొరికిపోయిన పిల్లలా గోళ్ళు చూసుకుంది. "నీకు తెలుస్తుందనుకోలేదు."

"తెలియకపోతే చెప్పవన్నమాట."

"చెబుదామనే అనుకున్నా. సిగ్గేసింది." నెమ్మదిగా అంది. "రెండేళ్ళు నేను చేసిందంతా అరువు తెచ్చుకున్నదే అమ్మా. దెబ్బలు రెడీమేడ్‌గా దొరుకుతాయి. వేలమంది అవే వాడతారు. పైగా కంప్యూటర్లో గళ్ళుంటాయి, నీ దుప్పట్ల అరల్లాగా. ఒక దెబ్బ కాస్త పక్కకి జరిగితే చాలు, లాగి గడిలో కూర్చోబెడుతుంది. అందరూ విని, బాగుంది, ఎవరిది అనేవాళ్ళు. నాదే అంటే నమ్మేవాళ్ళు కాదు. నాకే నమ్మకం ఉండేది కాదు, వాళ్ళననడమెందుకు. మొన్న జ్వరంతో పడుకున్నానే, అప్పుడు నువ్వు పనికెళ్తూ బయటినుంచి తాళం తిప్పి, పిడి పట్టుకుని లాగావు. నేను కళ్ళు మూసుకుని ఉన్నా. నాలుగోది ఎప్పుడు పడుతుందో నాకు ముందే తెలుసు. ఊహ తెలిసినప్పట్నుంచీ వింటున్నా కదా. లేచి, గళ్ళు పట్టించుకోకుండా చేత్తో పెట్టేశా."

"నా పిచ్చి తీసుకెళ్ళి బజార్లో పెట్టావు."

"పిచ్చి అని నేననలేదు."

"వాళ్ళంటున్నారుగా! తీసెయ్."

"ఒక పాట బయటికొచ్చేసిందమ్మా. ఇంకా అయిదున్నాయి. అన్నిట్లోనూ అదే ఉంది, రకరకాలుగా. అది చూసే ఆ పాడే అతను నన్ను పెట్టుకున్నాడు."

"అయిదింట్లోనూ తీసెయ్. లేకపోతే ఆ ఆసుపత్రిలో అడుగుపెట్టను, చెబుతున్నా."

పిట్ట లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. తర్వాత "సరే" అంది. ఆ సరే విని తన మాట నెగ్గిందనిపించలేదు దుప్పట్లమ్మకి.

నాలుగో రోజు సాయంత్రం గళ్ళచొక్కా వచ్చాడు. పాట పాడింది అతనే. ఎప్పుడొచ్చినా గళ్ళచొక్కానే వేసుకొస్తాడని ఆమె పెట్టుకున్న పేరు. "బాగున్నారా ఆంటీ" అని పలకరించి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పిట్ట పంపిన బీట్లు మళ్ళీ పెట్టమన్నాడు. దుప్పట్లమ్మ మంచినీళ్ళ గ్లాసుతో వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది.

"నిజం చెప్పు పిట్టా, ఇవి ఎవరితో చేయించావు?"

"నేనే చేశా."

"ఒట్టు?"

"ఒట్టు."

"చక్కగా ఉన్నాయి. ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఇలాంటివి నాకు రోడ్డుమీద దొరుకుతాయి. ఆ ఆగడం ఏమైంది? ఆ ఖాళీ చూసుకునే కదా నేను మాటలు రాసుకున్నది."

వంటగది వైపు కన్నెత్తి కూడా చూడలేదు పిట్ట. "బోరు కొట్టింది. మార్చేశా."

"పాతవి ఇవ్వు అయితే."

"లేవు. వాటిమీదే సేవ్ చేసేశా."

గళ్ళచొక్కా రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "నిన్న మొన్న మొదలెట్టినవాళ్ళు కూడా పాతది వేరే దాచుకుంటారు. నువ్వేంటి?"

"తొందరలో జరిగిపోయింది. నాదే తప్పు."

అతను లేచాడు. "ఆదివారం దాకా చూస్తా. తర్వాత ఇంకొకర్ని వెతుక్కుంటా. ఏమనుకోకు." గుమ్మంలో చెప్పులేసుకుంటూ "వస్తానాంటీ, మంచినీళ్ళు ఈసారి వచ్చినప్పుడు తాగుతా" అన్నాడు. అప్పుడు చూసుకుంది దుప్పట్లమ్మ, గ్లాసు ఇంకా తన చేతిలోనే ఉంది.

ఒక్క మాట అనొచ్చు పిట్ట. మా అమ్మ తీసెయ్యమంది అని. అనలేదు. చేతకానిదాన్ననిపించుకుంది గానీ అనలేదు. ఆసుపత్రిలో అందరూ నవ్విన రోజు కంటే ఇప్పుడు ఎక్కువ సిగ్గేసింది ఆమెకి. ఆ రోజు నేల చీలితే బాగుండుననిపించింది. ఇప్పుడు ఆ పాటి దయ కూడా తనకి తగదనిపించింది.

గ్లాసు కింద పెట్టి, కూతురి పక్కన మంచం అంచున కూర్చుంది.

"నీకు మూడేళ్ళప్పుడు," అంది. చీర కొంగు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "నీకు మూడేళ్ళప్పుడు, నువ్వు నిద్రపోతున్నావని కింద పంపు దగ్గరికి నీళ్ళకెళ్ళాను. తలుపు లాగాను. పడిందనుకున్నాను, చూసుకోలేదు. తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తీసుంది. పక్క మీద నువ్వు లేవు."

పిట్ట లాప్‌టాప్ మూసేసింది.

"మెట్లన్నీ ఎలా దిగావో, బస్సులు తిరిగే ఆ రోడ్డు ఎలా దాటావో దేవుడికే తెలియాలి. అవతల బేకరీ ఆయన నిన్ను చంకనెత్తుకుని, ఈ పాప ఎవరిదండీ అని అందర్నీ అడుగుతున్నాడు. నాదే అనడానికి నాకు నోరు రాలేదు. చుట్టూ అంతమంది. మీ నాన్నకి చెప్పలేదు. గుమ్మం ముందే ఆడుకుందన్నాను. ఆయన పోయేదాకా అదే నమ్మారు." అరచేతులు చూసుకుంది. "అప్పట్నుంచీ మూడుసార్లు లాగుతాను. లాగినా నమ్మబుద్ధి కాదు. నాలుగు మెట్లు దిగేసరికి నువ్వు ఆ రోడ్డు మధ్యలో కనిపిస్తావు. ఇప్పుడు వాళ్ళు నవ్వినప్పుడల్లా, ఆ రోజు సంగతి తెలిసిపోయే నవ్వుతున్నారేమో అనిపిస్తుంది."

పిట్ట అంది. "గుండ్రటి బిస్కెట్టు. మధ్యలో ఎర్రగా ఏదో. ఎవరిచ్చారో తెలీదు, ఎక్కడ తిన్నానో తెలీదు. అది ఒక్కటే గుర్తుంటుంది నాకు."

"ఆయనే ఇచ్చాడు," అంది దుప్పట్లమ్మ, ముఖం పక్కకి తిప్పుకుని. తర్వాత, "ఆ మూడూ ఒకటీ పెట్టుకో" అంది.

"నువ్వు నాకోసమని అనకు."

"నాకు సిగ్గుగానే ఉంటుంది. రేపూ ఉంటుంది. అయినా పెట్టుకో. నాకంటే అది నీకే ఎక్కువ చెందుతుంది."

పెట్టుకోమనడం తేలికే. మళ్ళీ పెట్టబోతే పిట్టకి కుదరలేదు. గడిలోంచి దెబ్బని ఎంత జరిపినా, "కావాలని జరిపినట్టుంది" అని చెరిపేసేది. శనివారం ఉదయం ఫోనులో రికార్డింగ్ పెట్టి తలుపు పక్కన ఉంచి, "నువ్వే ఒకసారి చెయ్యమ్మా" అంది.

దుప్పట్లమ్మ గొంతు సవరించుకుంది, పాడబోతున్నట్టు. మూడుసార్లు లాగింది. నాలుగు మెట్లు దిగింది. ఎక్కింది. లాగింది.

"అమ్మా, నటిస్తున్నావు."

"నేనెప్పుడూ చేసేది ఇదే!"

"ఎప్పుడూ లెక్కపెట్టుకోవు. ఇప్పుడు నీ పెదాలు కదులుతున్నాయి."

ఆరుసార్లు చేసింది. ఆరోసారి కింది అంతస్తు మాస్టారు చెత్తబుట్ట పట్టుకుని తల పైకెత్తి, "ఏమ్మా, తాళం పాడైందా? మేస్త్రీని పిలవనా?" అన్నారు. దుప్పట్లమ్మ ముఖం మాడిపోయింది. "పనికి వేళైంది" అంటూ సంచీ తీసుకుని, పిట్టని లోపలికి పంపి, తలుపు లాగి తాళం తిప్పి, మాస్టారు చూస్తున్నారు కదా అని మూడే మూడుసార్లు లాగి, ఇక వెనక్కి చూడకూడదని పళ్ళు బిగబట్టి దిగిపోయింది. నాలుగో మెట్టు దాటింది. అంతస్తు దాటింది. వీధిలోకొచ్చింది. అంత గట్టిదాన్నయ్యానా అని తనకే ఆశ్చర్యం.

మలుపు దగ్గర బస్సు ఒకటి హారన్ కొట్టింది.

అంతే, పైప్రాణాలు పైనే పోయాయి. తాళం తిప్పానా? మాస్టారి వంక చూస్తూ తిప్పాను. తిరిగిందా? లోపలున్నది ఇరవై రెండేళ్ళ మనిషని, తలుపు తీసున్నా రోడ్డుమీదికి పరిగెత్తదని తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం, కాళ్ళు అప్పటికే వెనక్కి తిరిగాయి. మూడంతస్తులూ ఎగశ్వాస దిగశ్వాసగా ఎక్కి, పిడి పట్టుకుని ఒక్కసారి లాగింది. పడే ఉంది. తలుపుకి నుదురానించి నిలబడింది. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. ఫోను ఇంకా అక్కడే రికార్డు చేస్తోందన్న సంగతి మళ్ళీ మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది.

ఆదివారం పిట్ట ఒక్క బీటే పంపింది. మిగతావి అడుగుతూ గళ్ళచొక్కా అరగంటలో ఫోన్ చేశాడు.

మూడు వారాల తర్వాత, దుప్పట్ల బండితో లిఫ్టులో పైకి వెళుతోంది దుప్పట్లమ్మ. పక్కన ఒక నర్సు, ఎవరో రోగి తాలూకు పెద్దాయన. లిఫ్టాయన ఒళ్ళో ఫోను మోగుతోంది. కొత్త పాట. మూడు దెబ్బలు పడ్డాయి. తర్వాత ఖాళీ వచ్చింది. కుర్రాడి మాట కూడా ఆగింది. ఖాళీ సాగుతూనే ఉంది.

"ఆగిపోయినట్టుందే," అన్నాడు పెద్దాయన. "చార్జింగ్ అయిపోయిందేమో చూడు."

లిఫ్టాయన ఫోను ఎత్తి చూశాడు. నర్సు కూడా తొంగిచూసింది. ఆగలేదని దుప్పట్లమ్మకి తెలుసు. ఆ పాటలో ఇప్పుడు తను రెండో అంతస్తు మలుపులో ఉంది, రెయిలింగు పట్టుకుని. చెవిపెట్టి వింటే చాలా సన్నగా రొప్పు వినిపిస్తోంది, అది ఎవరిదో ఎవరికీ తెలియక్కర్లేదు. ఆమె చెవులు వేడెక్కాయి. ముందున్న దుప్పట్ల మీదినుంచి చూపు తిప్పలేదు. తలుపు పడే ఉంటుందని తెలుసు. అయినా బండి పిడి మీద వేళ్ళు బిగుసుకున్నాయి, ఇంకా ఎనిమిది మెట్లున్నాయి, ఇంకా నాలుగు.