పిన్ని వండిన మెనెమెన్

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఐదుగురున్నారు. హనీఫె నానమ్మ, ఆమె పెద్దకొడుకు యాకూబ్, అతని కూతురు గుల్సుమ్, ముందురోజు ఇజ్మీర్ పట్నం నుంచి కారులో దిగిన చిన్నకొడుకు రెజాయి, అతని భార్య బెల్కిస్. పిల్లితో కలిపితే ఆరుగురు. వంట గురించి బెల్కిస్ కంటే పిల్లికే ఎక్కువ తెలుసని గుల్సుమ్ అభిప్రాయం. పైకి మాత్రం అనలేదు. ఆ పిల్ల పైకి ఏదీ అనదు.

ఆమెకు ఇజ్మీర్ హైస్కూల్లో సీటు వచ్చింది. హాస్టల్లో చోటు దొరకలేదు. పిన్ని బెల్కిస్ తన ఇంట్లో ఉంచుకుంటే చదువు, లేకపోతే నాన్న వెంట టమాటా తోట. అడగడానికి యాకూబ్ నిన్నంతా నీళ్లు నమిలి, పొద్దున్నే ఎలాగో అడిగేశాడు.

"తిన్నాక చెప్తాను బావగారూ," అంది బెల్కిస్. "ఇవాళ మెనెమెన్ నేను చేస్తాను. గుల్సుమ్, నువ్వు పక్కన నిలబడి నేర్చుకో."

తొమ్మిదో ఏటి నుంచి రోజూ ఇంటిల్లిపాదికీ మెనెమెన్, అంటే టమాటా గుడ్ల కూర, వండుతున్న గుల్సుమ్ పక్కన నిలబడింది.

బెల్కిస్ సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసింది. అందులో నాలుగు టమాటాలు. ఊరంతా లారీలకెత్తి ఇజ్మీర్‌కు పంపేది టమాటాలే. అవే వారం రోజులు పట్నంలో వాడిపోయి, మళ్లీ కారెక్కి ఇంటికొచ్చాయి.

"మీ తోటవి మట్టివాసన వేస్తాయమ్మా," అంది పిన్ని.

ఉంగరాలు తియ్యకుండానే టమాటాలు తరిగి బాణలిలో పోసింది. అవి ఇంకా నీళ్లు వదులుతుండగానే పచ్చిమిరపకాయలు తుంచి వేసింది. నూనెలో ముందు వేగాల్సినవి అవి. గుల్సుమ్ చేతులు వెనక్కి కట్టుకుంది. బెల్కిస్ ఆ నీళ్లలోనే ఆరు గుడ్లు కొట్టి, బట్టలు జాడించినట్టు గరిటెతో కలియతిప్పింది.

"చూశావా, ఎంత తేలికో!"

తేలికే. చెడగొట్టడానికి కష్టపడక్కర్లేదు.

నేలమీద గుడ్డ పరిచి బాణలి మధ్యలో పెట్టారు. ఎవరివైపు నుంచి వాళ్లు రొట్టెముక్క ముంచారు. ఎర్రటి నీళ్లలో గుడ్డు పీలికలు ఈదుతున్నాయి. రెజాయి రొట్టె మునిగింది గానీ పైకి రాలేదు, వేళ్లే వచ్చాయి. మిరపకాయ నానమ్మ పళ్లకింద కరకరలాడింది.

రాళ్లు ఉడకేసి పెట్టినా, వండినవాళ్ల చేతుల్ని దీవించకుండా అక్కడెవరూ లేవరు.

"నీ చేతులు చల్లగుండాలి బెల్కిస్," అన్నాడు రెజాయి, గోడకేసి చూస్తూ.

"చల్లగుండాలమ్మా, చల్లగుండాలి," అని యాకూబ్ రెండుసార్లన్నాడు.

"చల్లగుండు తల్లీ," అని నానమ్మ గబగబా టీ తాగేసింది.

తర్వాత అందరూ గుల్సుమ్ వైపు చూశారు. నాన్న మోకాలితో పొడిచాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో రొట్టెముక్క కింద పెట్టేసింది.

"ఏమ్మా, నోట్లో నాలుక లేదా?" అంది బెల్కిస్.

"ఉంది పిన్నీ. అందుకే తినలేకపోతున్నాను."

నానమ్మకు పొలమారింది. బెల్కిస్ లేచి నిలబడింది.

"అత్తయ్యా, విన్నారా? బావగారూ, దీన్నా నా నెత్తిన పెడదామనుకున్నది?"

అంటూనే అతిథుల గదిలోకి వెళ్లిపోయింది.

"పోవే, పో!" యాకూబ్ కూతుర్ని ఆ గదివైపు తోశాడు. "ఒక్క మాట. అందరం అన్నాం, మా నోళ్లేమైనా పడిపోయాయా? నాలుగేళ్ల చదువే అది!"

గుల్సుమ్ వెళ్లి గుమ్మంలో నిలబడింది. బెల్కిస్ సంచి సర్దుకుంటోంది. తలెత్తకుండానే అంది.

"చిన్నపిల్లవని వదిలేస్తున్నా. వాళ్లన్న మాటే నువ్వూ అను. సెప్టెంబరుకి మా హాల్లో నీకు మంచం వేయిస్తాను. ఆదివారాలు నా చేతి మెనెమెన్ తింటూ హాయిగా చదువుకుందువు."

గుల్సుమ్ నోరు తెరిచింది. మాట నాలుక చివరే ఉంది. నాలుగేళ్ల ఆదివారాలు, ఆ ఎర్రనీళ్లు, ప్రతివారం ఇదే దీవెన. సంచి వదిలి గుమ్మం దగ్గరికొచ్చి, తలుపు రెక్క పట్టుకుని ఎదురు చూస్తున్న పిన్ని ముఖంలో అప్పుడే గెలిచిన నవ్వు.

"పిన్నీ," అంది గుల్సుమ్ మెల్లగా, "టమాటా నీళ్లు ఇగిరేదాకా గుడ్లు కొట్టకూడదు. చూపించమంటే నేను..."

బెల్కిస్ ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.